పాత డెస్క్‌టాప్‌లో కొత్త వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు చెదిరిపోతున్నాయి, మీరేం చేశారు?

అరండల్‌పేట జిరాక్స్:
గుంటూరులో చిన్న జిరాక్స్, డీటీపీ కొట్టు నాది. రెండు సిస్టమ్స్, రెండూ కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 7, ఆఫీస్ 2007. కస్టమర్ ఇంటి ల్యాప్‌టాప్‌లో ఒక్క పేజీ ఉన్న అర్జీ నా దగ్గర రెండు పేజీలవుతోంది. సంతకం లైను ఒక్కటే రెండో పేజీలోకి పోతుంది. ఎక్సెల్‌లో కొన్ని గడుల్లో నేమ్ ఎర్రర్ (#NAME?). డాట్ మాట్రిక్స్ ప్రింటర్‌లో ప్రతి బిల్లుకీ ఒక లైను కిందకి జరుగుతోంది. సంక్రాంతి దాకా కొత్తది కొనే పరిస్థితి లేదు. ఏం చేయమంటారు?

బెజవాడ సర్వీసు 2002:
2002 నుంచి ఇదే పని నాది. విజయవాడలో నేను విప్పని క్యాబినెట్ లేదు. ముందు హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయించు, ర్యామ్ 4 జీబీ చెయ్. సగం సమస్యలు పోతాయి.

బ్రాడీపేట టైపిస్టు:
ఎస్‌ఎస్‌డీ వేస్తే రెండో పేజీ ఒకటో పేజీలోకి వస్తుందా గురువుగారూ? అది ఫాంట్ గొడవ. కొత్త ఆఫీస్‌లో ముందే పెట్టి ఉండే ఫాంట్ ఇప్పుడు కాలిబ్రి కాదు, ఆప్టోస్. 2007లో అది లేదు కాబట్టి వర్డ్ ఇంకోటి పెట్టేసుకుంటుంది, లైన్లు జరుగుతాయి. తెలుగూ అంతే. నిర్మలా యూఐ విండోస్ 8తో వచ్చింది. 7లో ఉన్నవి గౌతమి, వాణి, వాటి లైను ఎత్తు వేరు. ప్రింటుకైతే పీడీఎఫ్ అడగండి. దిద్దాల్సిన ఫైలైతే ఫాంట్లు ఫైల్లోనే పొదిగి సేవ్ చేసి పంపమనండి, సేవ్ ఆప్షన్స్‌లోనే ఉంటుంది.

పెళ్లికార్డుల బాబాయ్:
ఇదంతా ఎందుకు, తెలుగు మేటర్ అయితే అను తెలుగు ఫాంట్లలో కొట్టుకో. ముప్పై ఏళ్లుగా వేల కార్డులు వేశాం, ఒక్క వత్తు చెదరలేదు.

బ్రాడీపేట టైపిస్టు:
మీ సిస్టమ్‌లో చెదరదు బాబాయ్. అదే ఫైలు ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కొమ్ములు, పిచ్చి గీతలు. ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి అది. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉంటుంది. ఆన్‌లైన్ అర్జీలో అతికిస్తే ఎవరు చదువుతారు?

పెళ్లికార్డుల బాబాయ్:
అర్జీలు నీకు, కార్డులు నాకు. మేము పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7లో నీ యూనికోడ్ పెట్టి చూపించు చూద్దాం.

బ్రాడీపేట టైపిస్టు:
పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో! దానికి యూనికోడే తెలియదు. ఆ తప్పు యూనికోడ్‌దా?

ఏలూరు రోడ్డు ప్రూఫులు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. అనులో ఉన్న 300 పేజీల పుస్తకాన్ని యూనికోడ్‌కి మార్చి ప్రూఫ్ దిద్దినవాణ్ని నేను. కన్వర్టర్ వేశాక కూడా వత్తులు, సున్నలు ఒక్కొక్కటీ చూసుకోవాల్సి వచ్చింది. పదిహేను రోజులు కళ్లు మండాయి. కొత్త మేటర్ మాత్రం ఇక అనులో కొట్టొద్దు, దండం పెడతా.

పెళ్లికార్డుల బాబాయ్:
మీకు అక్షరం అందం అక్కర్లేదు, వెతుక్కోవడానికి దొరికితే చాలు. సరే.

బెజవాడ సర్వీసు 2002:
మీరిద్దరూ బయటికెళ్లి తేల్చుకోండి. తమ్ముడూ, తేదీ సరిగ్గా ఉందా చూశావా? పాత బోర్డుల్లో తేదీని గుర్తుంచే సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది, వెబ్‌సైట్లన్నీ భద్రత లేదని అంటాయి. కస్టమర్లు వైరస్ అనుకుని ఫార్మాట్ చేయించుకున్నారు. సీఆర్ 2032 బిళ్ల మారిస్తే అయిపోయే పని.

అరండల్‌పేట జిరాక్స్:
తేదీ బాగానే ఉందన్నా. ఎక్సెల్ సంగతి చెప్పండి.

యార్డు గుమస్తా:
ఎక్సెల్ అంటే నా గోడు వినండి. మిర్చి యార్డులో మూడు సీజన్ల లాట్ల వివరాలు ఒకే షీట్‌లో పెట్టాను. మా షావుకారు గారి సిస్టమ్‌లో ఆఫీస్ 2003. ఆయన కోసం పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో సేవ్ చేశాను. ఏదో హెచ్చరిక వచ్చింది, చదవకుండా కొనసాగించు నొక్కాను. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి. మిగతావన్నీ గల్లంతు. అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయాను.

అకౌంట్స్ లక్ష్మీపురం:
నేమ్ ఎర్రర్‌కి ఆ వరుసలతో సంబంధం లేదండీ. పంపినవాళ్లు ఎక్స్‌లుకప్ అనే వెతికే ఫార్ములా వాడి ఉంటారు. అది ఆఫీస్ 2021లోనూ, మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది, ఆఫీస్ 2019లోనే లేదు, ఇక మీ 2007లో ఎక్కడ? తెరవగానే పాత జవాబు కనిపిస్తుంది, ఆ గడిని ముట్టుకుంటే ఎర్రర్ అయిపోతుంది. ముట్టుకోకుండా కాపీ చేసి విలువలుగా పేస్ట్ చేసుకోండి. ఫార్ములానే కావాలంటే ఇండెక్స్, మ్యాచ్ కలిపి రాయించండి.

బెజవాడ సర్వీసు 2002:
ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ వేసుకో, ఫ్రీ. కానీ 25.8 వెర్షన్ నుంచి విండోస్ 7లో ఎక్కదు, 24.8 తీసుకో. ఎక్స్‌లుకప్ కూడా అందులో పనిచేస్తుంది. ఎవరైనా విండోస్ 11 వేస్తానంటే నమ్మకు. కోర్ 2 డ్యుయో దాని లిస్టులోనే లేదు.

అకౌంట్స్ లక్ష్మీపురం:
ఇది మొదటే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ, ఎస్‌ఎస్‌డీ అంటూ డబ్బులు ఖర్చు పెట్టించకుండా.

బెజవాడ సర్వీసు 2002:
ఉచిత సలహా ఇస్తుంటే ఎదురు మాటలా? ఎస్‌ఎస్‌డీ అవసరం లేదని నేనెక్కడ అన్నాను?

అరండల్‌పేట జిరాక్స్:
పీడీఎఫ్ అడగడం మొదలుపెట్టాక అర్జీలు ఒక పేజీలోనే వస్తున్నాయి, టైపిస్టు గారికి థాంక్స్. లిబ్రే ఆఫీస్ ఒక సిస్టమ్‌లో ఎక్కించాను. మరి ప్రింటర్ సంగతి?

యార్డు గుమస్తా:
మాదీ అంతే జరిగేది. బిల్లు కాగితం పొడుగు స్కేలుతో కొలిచి, ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో ఆ సైజుతో కొత్త ఫారం చేయండి, తర్వాత ప్రింటర్‌లో దాన్నే ఎంచుకోండి. ఏ4 అని వదిలేస్తే జరుగుతూనే ఉంటుంది.

పెళ్లికార్డుల బాబాయ్:
అరండల్‌పేట తమ్ముడూ, ఆ 2007 సీడీ ఇంకా ఉందా నీ దగ్గర? మాది గీతలు పడింది.