‘ఫిజియలాజికల్’ అన్న మాటను తెలుగులో ఎలా చెప్పాలి?

బాలింతల కోసం ఒక చిన్న ఆరోగ్య పుస్తకాన్ని తెలుగులో రాస్తూ, ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. తెలిసినవారు దయచేసి సహాయం చేయగలరు.

ఫిజియాలజీని మన పాఠ్యపుస్తకాలు శరీర ధర్మ శాస్త్రం అంటాయి. గుండెకు నాలుగు గదులున్నాయని అనాటమీ చెబితే, ఆ గదులు రక్తాన్ని ఎలా నెడతాయో ఫిజియాలజీ చెబుతుంది. కాల్చడం నిప్పు ధర్మం అన్నప్పటి అర్థంలోనే ‘ధర్మం’ ఇక్కడ చక్కగా అమరిందని నా అభిప్రాయం.

చిక్కంతా విశేషణంతోనే వచ్చింది. పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది శిశువులకు కళ్ళు, ఒళ్ళు పచ్చబడి, నెలలు నిండి పుట్టినవారిలో సాధారణంగా రెండు వారాల లోపు తగ్గిపోయే స్థితిని వైద్యులు ఫిజియలాజికల్ జాండిస్ అంటారు. ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పసుపు పదార్థమైన బిలిరుబిన్‌ను పసిబిడ్డ కాలేయం ఇంకా వేగంగా బయటకు పంపలేకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. అంటే ఇక్కడ ఆ మాటకు ‘రోగం వల్ల కలగని’ అని అర్థం. ‘శరీర ధర్మ కామెర్లు’ అని రాస్తే తల్లికి ఏమీ బోధపడదు. ‘సహజ కామెర్లు’ అని రాస్తే, మొదటి 24 గంటల్లోనే పచ్చబడిన బిడ్డను సైతం వెంటనే డాక్టరుకు చూపించకుండా ఇంట్లోనే ఉంచుకుంటారేమోనని నా భయం.

ధైర్యమూ చెబుతూ, జాగ్రత్తనూ మరువనివ్వని మాట ఏదైనా మీ వాడుకలో ఉందా? పసిపిల్లల వార్డుల్లో పనిచేసే నర్సులు తల్లులకు దీన్ని ఏ మాటల్లో వివరిస్తారో తెలిపినా ఎంతో మేలు చేసినవారవుతారు.