మ్యూజియంలో ముక్కూ మొహం తెలియనివాళ్ళను మందలించడం సబబేనా?

విల్లివాక్కం_వాసి:

సంక్రాంతి సెలవులకు ఊరి నుంచి వచ్చిన చుట్టాలను చెన్నైలోని ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి తీసుకెళ్ళాను. మాది పల్నాడు వైపు. అమరావతి స్తూపం రాళ్ళు మద్రాసులో ఉన్నాయని మా పెద్దమ్మ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది గాని చూడలేదు. గ్యాలరీలోకి వెళ్ళగానే స్తూపం చెక్కిన పలక దగ్గర ఆగి, దాన్ని తాకి చేతులు కళ్ళకద్దుకుంది. పక్కనున్న ఒకావిడ ఇంగ్లీషులో గద్దించింది. ఆవిడ అక్కడ ఉద్యోగి కాదు, మాలాగే టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషి. "ఇదేమన్నా గుడా" అన్నది అందులో చివరి మాట. పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు, గొంతు మాత్రం తెలిసింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. ఆ తర్వాత తను ఏ రాయి దగ్గరా నిలబడలేదు. కంచు విగ్రహాల దగ్గర తిరువాలంగాడు అనే ఊళ్ళో దొరికిన నటరాజు ఎదుట దండం పెట్టుకోవచ్చా అని నా మొహంలోకి చూసింది.

రాయిని తాకకూడదు. అందులో నాకు వాదన లేదు. తాకవద్దని చెప్పే మనిషి, దాంతోపాటు ఎదుటివాళ్ళ భక్తిని, భాషను, నిలబడే తీరును కూడా సరిదిద్దబోవడం మీదే నా అభ్యంతరం. మ్యూజియంలో కొందరి కళ్ళు బొమ్మల మీద కంటే తోటివాళ్ళ మీదే ఉంటాయి. ఎవరు గట్టిగా మాట్లాడారు, ఎవరు బొమ్మ పక్కనున్న వివరాల చీటీ చదవకుండా దాటిపోయారు, ఎవరు చెప్పులీడ్చుకుంటూ నడిచారు, ఇవన్నీ లెక్కపెడుతుంటారు. ఈ అధికారం వాళ్ళకు ఎవరిచ్చారు? మీరేమంటారు?

రసాయనం_చదివినవాడు:

అండీ, మీ పెద్దమ్మగారు చిన్నబుచ్చుకున్నందుకు నాకూ బాధగానే ఉంది. కానీ ఆ పక్కావిడ తాకవద్దని చెప్పడం తప్పు అనను. చెప్పకుండా పక్కకు తప్పుకునేవాళ్ళే నాకు పెద్ద సమస్య.

అమరావతి రాళ్ళను మార్బుల్స్ అంటారు గాని అవి పల్నాటి సున్నపురాయి. చెమటలో ఉప్పు ఉంటుంది, కొద్దిగా ఆమ్లం ఉంటుంది, చర్మం మీద జిడ్డు ఉంటుంది. సున్నపురాయికి ఆమ్లం పడదు. ఒక్క చేయి ఏమీ చేయదు. ఏళ్ళ తరబడి వేల చేతులు ఒకే అంచును తాకితే ముక్కులు, వేళ్ళు, పూలరేకులు అరిగిపోతాయి. కంచు సంగతి ఇంకా సున్నితం. చోళుల విగ్రహాల్లో చాలా వరకు భూమిలోంచి తవ్వి తీసినవే. మట్టిలోని క్లోరైడు లోహంలోకి చేరి ఉంటుంది. తేమ తగిలితే పచ్చని పొడిగా పైకి వచ్చి విగ్రహాన్ని తినేస్తుంది. అసలే ఇది సముద్రపు గాలి ఊరు. ఈ తెగులుకు వైద్యం చేయడానికే ఎగ్మూరులో 1930లో రసాయన శాస్త్రవేత్త పరమశివన్ గారి ఆధ్వర్యంలో రసాయన సంరక్షణశాల మొదలైంది. విద్యుత్తు సాయంతో విగ్రహాలను శుభ్రం చేసే పద్ధతి మన దేశంలో అక్కడే వేళ్ళూనుకుంది.

ఇంకొక మాట. అమరావతి స్తూపానికి మొదటి దెబ్బ తగిలింది మన చేతుల్లోనే. 1790లలో ఆ దిబ్బ తవ్వి రాళ్ళను ఇళ్ళకూ కట్టడాలకూ మోసుకుపోయారు. కొన్నింటిని కాల్చి సున్నం చేసుకున్నారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేసరికే చాలా పోయింది. మిగిలిన కాస్త దగ్గర కూడా మనం మొహమాటపడి ఊరుకుందామా?

విల్లివాక్కం_వాసి:

చరిత్ర ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. 1845లో ఇంగ్లీషు అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరాక ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో అందులో పెద్ద భాగం లండన్‌కు వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలినవాటిని తర్వాతి కాలంలో సిమెంటుతో గోడలో బిగించారు. దానితో తేమ, ఉప్పు రాతిలోకి పాకాయి. ఇవన్నీ చేసింది చదువుకున్నవాళ్ళే, కాపాడుతున్నామనే నమ్మకంతోనే చేశారు. మనవాళ్ళు సున్నం కాల్చారన్నదీ నిజమే. రెండూ కలిపి చూస్తే, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ మీద గొంతు పెంచడానికి అక్కడ నాకు ఏ ఆధారమూ కనిపించదు.

అంబత్తూరు_పడమర:

నేను ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను. ఆడమనిషి ఒక్కతే ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడితే జనం బొమ్మను చూడటం మానేసి ఆమెను చూస్తారు. ఎవరి కోసమో ఎదురుచూస్తోందేమో అన్నట్టు చూస్తారు. నగరంలోని ఒక ప్రైవేటు గ్యాలరీలో కాపలా మనిషి నా వెంట గది గదికీ నడిచాడు. నా వెనకే వచ్చిన జంట వైపు కన్నెత్తి చూడలేదు. ఏ నియమం ప్రకారం?

అయినా ఒకరినొకరు చూసుకోవడమే చెడ్డదంటే ఒప్పుకోను. 2001లో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో కళాఖండం ముందు నిలబడింది సగటున 27 సెకన్లు. అదే కాలంలో లండన్ పరిశోధకులు మ్యూజియాల్లో వీడియోలు తీసి చూశారు. బొత్తిగా పరిచయం లేనివాళ్ళు కూడా ఒకరి కదలికను బట్టి ఇంకొకరు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు జరగాలో, దేన్ని చూడాలో తేల్చుకుంటున్నారట. అంటే పక్కమనిషి మనకు అడ్డం మాత్రమే కాదు, దారి కూడా చూపిస్తాడు.

ఎగ్మూరులో నాళగిరి ఏనుగు పతకం, అంటే గుండ్రటి చెక్కడపు రాయి, ఉంది కదా, అమరావతిదే, రెండో శతాబ్దం నాటిది. ఒక పక్క రాజగృహ వీధిలో ఏనుగు చెలరేగుతుంటుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతుంది. చాలాసార్లు ఆ ఏనుగును మాత్రమే చూసి వచ్చేశాను. ఒకసారి ఒక తాతగారు మనవడికి అరవంలో, కాస్త గట్టిగానే, "పైన మేడ కిటికీల్లో చూడు, ఎంతమంది తొంగి చూస్తున్నారో" అని చెబుతున్నారు. అప్పుడు పైకి చూశాను. భయంతో పక్కవాళ్ళను పట్టుకున్నవాళ్ళు, వంగి వింతచూసేవాళ్ళు, వీధి మొత్తం ఉంది అక్కడ. ఆ తాతగారిని ఎవరైనా "ఉష్" అని ఆపి ఉంటే ఆ కిటికీలు నాకు కనపడేవి కావు.

కొత్తగా_చెన్నై:

నాది వేరే బాధ. వారమంతా ఆఫీసులో ఫోన్లు, మీటింగులు, రోడ్డెక్కితే హారన్లు. ఆదివారం పూట ఒక గంట నిశ్శబ్దం కోసం మ్యూజియానికి వెళ్తాను. ఊళ్ళో డబ్బు పెద్దగా పెట్టకుండా నిశ్శబ్దం దొరికే చోట్లు ఎన్ని ఉన్నాయి చెప్పండి? అక్కడ కూడా నటరాజుకు వీపు పెట్టి సెల్ఫీల మీద సెల్ఫీలు, వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్ళకు చూపించడం, పిల్లల పరుగుపందాలు. తాతగారి మాట ఒకరికి మేలు చేసి ఉండవచ్చు, అదే సమయంలో గదిలో మిగిలినవాళ్ళ ధ్యాస చెడిపోయి ఉండవచ్చు. "నెమ్మదిగా" అని చెప్పేవాళ్ళను పెత్తందార్లుగా చిత్రిస్తే ఇక గొంతు పెద్దదైనవాళ్ళదే రాజ్యం అవుతుంది.

పెరంబూరు_మాస్టారు:

బాబూ, మీరు అడిగే నిశ్శబ్దానికి విలువ లేదనను. కానీ ఆ మ్యూజియం పుట్టినప్పటి నుంచీ నిశ్శబ్దంగా లేదు. 1851లో మొదలైన మ్యూజియం అది. 1855లో అప్పటి మ్యూజియం అధికారి బాల్ఫోర్ దొరగారు ఆ ఆవరణలోనే జంతువులను కూడా పెట్టి జనాన్ని రప్పించాడు. తర్వాత జంతుశాల పీపుల్స్ పార్కుకు తరలిపోయింది. మా అమ్మమ్మ కాలంలో మద్రాసు తెలుగువాళ్ళు జంతుశాలను బతికిన కాలేజీ అనీ, మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ అనేవాళ్ళు. సంక్రాంతి పండగల్లో చివరిదైన కాణుం పొంగల్ నాడు పులిహోర, పెరుగన్నం మూటలు కట్టుకుని పిల్లాజెల్లాతో దిగే జనం ఇప్పటికీ అక్కడికి వస్తారు. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ కుటుంబానికి ఆ ఒక్క రోజే మ్యూజియం. వాళ్ళ మాటల హోరును నేరంగా చూడటం నాకు నచ్చదు.

మనిషిని మనిషి పరిశీలించడం కూడా అక్కడ పాతదే. థర్స్టన్ సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో మ్యూజియంలోనే మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాళ్ళు. కొలిచేవాడు ఒక వైపు, నిలబడి కొలిపించుకునేవాడు ఒక వైపు. విల్లివాక్కం వారు చెప్పిన గద్దింపు వింటే నాకు ఆ సంగతే గుర్తొచ్చింది.

దండం విషయానికి వస్తే, ఆ కంచు మూర్తుల పీఠాలకు ఉన్న రంధ్రాలు గమనించండి. ఉత్సవాల్లో కర్రలు దూర్చి భుజాల మీద ఊరేగించడానికి పెట్టినవి. పట్టుబట్టలు కట్టి, పూలు వేసి మోసిన దేవుళ్ళు వాళ్ళు. దూరంగా నిలబడి చేతులు జోడిస్తే విగ్రహానికి నష్టం లేదు, పక్కవాడికీ నష్టం లేదు.

తాకడం దగ్గర మాత్రం నేను రసాయనం గారి పక్షమే. ఉద్యోగంలో ఉన్నప్పుడు తెలుగు మాధ్యమం పిల్లలను తీసుకెళ్ళేవాణ్ణి. "ముట్టుకోవద్దు" అని ఎంత అరిచినా పని జరిగేది కాదు. ప్రతి పిల్లవాడికీ ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి, నచ్చినదాన్ని గీయమన్నాను. చేతులకు పని దొరికింది, రాళ్ళ మీదికి పోలేదు. పైగా గీసేవాడు ఒక్కో పలక దగ్గర ఎంతసేపు నిలబడేవాడో మీరు చూడాల్సింది.

కొత్తగా_చెన్నై:

మాస్టారూ, పొంగల్ నాడు సరే. మామూలు ఆదివారాల మాటేమిటి? పొద్దున తెరిచిన మొదటి గంట మాటలు తగ్గించమని బోర్డు పెడితే ఎవరికి కష్టం?

అంబత్తూరు_పడమర:

బోర్డు పెడితే నాకు అభ్యంతరం లేదు. అందరికీ ఒకటే వర్తిస్తుంది, ఎవరి మొహమూ చూసి చెప్పాల్సిన పని ఉండదు. రసాయనం గారిని ఒకటి అడగాలి. ఆ రోజు రాయిని తాకింది నేత చీర కట్టిన పెద్దావిడ కాకుండా, మంచి సూట్ వేసుకుని ఇంగ్లీషు మాట్లాడే మనిషి అయితే, ఎవరైనా అలాగే గద్దించేవాళ్ళంటారా? మీరు చెప్పేవారా?

రసాయనం_చదివినవాడు:

నేను చెబుతాను, చెప్పాను కూడా. ఒక పెద్దమనిషి చెక్కడానికి భుజం ఆనించి ఫోన్ మాట్లాడుతున్నాడు. "సార్, దయచేసి ఆనకండి, చెమటకు రాయి పాడవుతుంది" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, నువ్వెవరు అన్నాడు. ఇక వాదించకుండా ఉద్యోగిని పిలుచుకొచ్చాను. ఆయన చెప్పగానే జరిగాడు. మిగతావాళ్ళు అందరికీ సమానంగా చెబుతారా అంటే, చెప్పరు. అది నేను కూడా గమనించాను. మెత్తగా కనిపించేవాళ్ళ మీదే నోరు లేస్తుంది. అందుకే నా వరుస ఇది. మొదట తెలుగులోనో అరవంలోనో కారణంతో సహా మెల్లగా చెప్పాలి, వినకపోతే ఉద్యోగికి చెప్పాలి. చేయి అప్పటికే రాయి మీద ఉంటే గొంతు కొంచెం లేచినా తప్పు పట్టకండి, ఆ క్షణంలో నాకు రాయే ముఖ్యం.

విల్లివాక్కం_వాసి:

మీ వరుస నాకు సమ్మతమే, ఆ చివరి వాక్యం తప్ప. రెండు వేల ఏళ్ళ నాటి రాయి ఇంకో రెండు క్షణాలు ఓర్చుకోగలదు. ఆ వ్యవధిలో "అమ్మా, చేయి తీయండి" అనే మాట పట్టేస్తుంది. మా పెద్దమ్మ ఆ మాటకు తప్పకుండా చేయి తీసేది, కారణం చెబితే పక్కవాళ్ళకు తానే చెప్పేది.

కొత్తగా_చెన్నై గారూ, మొదటి గంట బోర్డుకు నేనూ సరే. మిగతా సమయంలో పిల్లలకు కథ చెప్పే తాతలను మాత్రం వదిలేయండి. సెల్ఫీల మీద మీతో ఇంకా వాదన ఉంది. ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసుకుని పక్కకు జరిగేవాళ్ళను, గది మొత్తం ఆక్రమించేవాళ్ళను మీరు ఒకే గాట కట్టారు. ఊళ్ళో ఉన్న మా అక్క మోకాళ్ళ నొప్పులతో ఇక్కడికి రాలేదు. నేను వీడియో కాల్‌లో చూపించిన నాళగిరి ఏనుగునే తను చూసింది. అది మీకు ఇబ్బంది అనిపిస్తే ఎందుకో చెప్పండి, వింటాను.