ప్లానెటరీ గేర్‌బాక్స్ కంపనానికి కారణం పళ్ల గరుకుదనమా, అరుగుదలా?

మా కర్మాగారంలో బెల్ట్ కన్వేయర్‌ను నడిపే ప్లానెటరీ గేర్‌బాక్స్ కంపన వేగం మూడు నెలల్లో సెకనుకు 2.8 నుంచి 4.6 మిల్లీమీటర్లకు పెరిగింది. మధ్యలోని సన్ గేర్‌కు 21, దాని చుట్టూ తిరిగే మూడు ప్లానెట్ గేర్లకు ఒక్కొక్కదానికి 30, వాటి బయట ఉండే కదలని రింగ్ గేర్‌కు 81 పళ్లున్నాయి. సన్ గేర్‌ను తిప్పే మోటారు వేగం నిమిషానికి 1470 చుట్లు కనుక పళ్లు కలిసే పౌనఃపున్యం సుమారు 408.6 హెర్ట్జ్ అవుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం ఏమిటంటే, అక్కడ కంపనం పెద్దగా మారకపోయినా, దానికి రెట్టింపైన 817 హెర్ట్జ్ వద్ద మాత్రం మూడింతలైంది.

నూనె మార్చాను, కప్లింగ్ అలైన్‌మెంట్ సరిచేశాను, పునాది బోల్టులు బిగించాను, ప్లానెట్ బేరింగులు కొత్తవి వేయించాను, ఏదీ ఫలించలేదు. విప్పి కొలిస్తే సన్ గేర్ పళ్ల సగటు గరుకుదనం 0.4 నుంచి 1.3 మైక్రోమీటర్లకు పెరిగి ఉంది, పగుళ్లు గానీ గుంటలు గానీ కంటికి కనబడలేదు. సన్ గేర్‌లో ఒక్క పంటికే దెబ్బ తగిలితే రావలసిన 58.4 హెర్ట్జ్ ఎడం గల సైడ్‌బ్యాండ్లూ (పళ్లు కలిసే పౌనఃపున్యానికి ఇరువైపులా కనబడే చిన్న శిఖరాలు) లేవు. గరుకుదనమే కారణమైతే అధిక పౌనఃపున్యాల్లో విస్తరించిన రొద బాగా పెరగాలని నా అవగాహన. అది కొద్దిగానే పెరిగింది.

పళ్లన్నీ ఒకే తీరున అరిగి ఆకృతి కోల్పోయాయని ఈ లక్షణాలతోనే నిర్ధారించి, సన్ గేర్‌ను, ప్లానెట్ గేర్లను కలిపి మార్పించవచ్చా?