డబ్బు ఇచ్చేస్తే సరిపోతుందా, యార్డులోనే ఒప్పుకోవాలా?

అరండల్‌పేట: గుంటూరు మిర్చి యార్డులో మా మేనమామగారికి కమిషన్ కొట్టు ఉంది. రెండేళ్ల కిందట కొన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కకు రాకపోవడంతో, ఆయన తన గుమాస్తాను రైతులూ ముఠా కార్మికులూ చూస్తుండగానే దొంగ అని నిందించి పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత యార్డులో పక్క కొట్లవారు కూడా గుమాస్తాకు పని ఇవ్వలేదు. ఆ టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో మరొకరి లాటులో కలిసిపోయాయని ఈ మధ్యనే తేలింది. గుమాస్తాను ఇంటికి పిలిచి, ఆపిన జీతానికి మరికొంత కలిపి ఇస్తే చాలునని మామయ్యగారు, యార్డులో అందరి ముందూ చెప్పాల్సిందేనని అత్తయ్యగారు అంటున్నారు. మీరేమంటారు?

సత్యనారాయణపురం: ఇంట్లో క్షమాపణ చాలు. జనం మరిచిపోయిన మాటను మళ్లీ యార్డులో ఎత్తితే, సంగతి తెలియనివారి చెవిన కూడా దొంగతనం అన్న మాటే పడుతుంది. పైగా పరువునష్టానికి సివిల్ దావా గడువు 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఏడాదే కనుక, కోర్టు భయమూ లేదు.

బ్రాడీపేట: మీరు గడువు సగమే చెప్పారు. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల వ్యవధి ఉంది, నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇది రాజీ పడదగిన నేరమే కాబట్టి లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడి అవార్డు 1987 నాటి చట్టం ప్రకారం సివిల్ డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అయితే ఆ కాగితం గుమాస్తాగారి బీరువాలో ఉంటుంది, ఆయనను పనిలో పెట్టుకోని పక్క కొట్లవారికి కనిపించదు. జనం మరిచిపోయారన్నది మామయ్యగారికి అనుకూలమైన ఊహ మాత్రమే (మరిచిపోతే ఆయనకు యార్డులో పని దొరికేది కదా).

కృష్ణలంక: ఎలా చెప్పాలో తేల్చవలసింది మామయ్యగారూ కాదు, అత్తయ్యగారూ కాదు, మనమూ కాదు. మాట పడినవారిని అడగండి. మరొక సంగతి, జీతం ఆయన కష్టార్జితం కనుక దాన్ని పరిహారంగా లెక్క కట్టకండి. ఈ రెండేళ్లలో తక్కువ జీతానికి పనిచేసి ఉంటే, ఆ తేడాయే అసలు నష్టం.

సత్యనారాయణపురం: అడగమనడం సబబే. అయినా ఆయన కూడా రచ్చ కోరుకోరని నా నమ్మకం.

అరండల్‌పేట: అడిగాము. సభలాగా జనాన్ని పోగుచేయవద్దనీ, తనకు పని ఇవ్వని కొట్లకు మామయ్యగారే స్వయంగా వెళ్లి, తాను వేసిన నింద అబద్ధమని చెప్పాలనీ గుమాస్తాగారు కోరారు. జీతం తేడాకు మామయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు కానీ, కొట్ల దగ్గరే వెనకాడుతున్నారు. వాటిలో ఒకటి ఆయన వియ్యంకుడిది.