ఆరోగ్యానికి నెలకు ఆరు వేలు: ముందుచూపా, దండగా?

కూకట్‌పల్లి_కుర్రాడు
వయసు 36, సాఫ్ట్‌వేర్, బరువు 72 కిలోలు. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష) 5.9 వచ్చింది. మా నాన్నకూ పెదనాన్నకూ షుగర్. భయమేసి ప్రొటీన్ పౌడర్, చేప నూనె గోలీలు, మల్టీవిటమిన్లు, కొర్రలు, అరికెలు మొదలుపెట్టాను. ఆర్నెల్లకోసారి ఫుల్ బాడీ చెకప్. అన్నీ కలిపితే నెలకు ఆరు వేల పైమాటే. ఇంట్లో దీని మీద గొడవ. రేపు ఆస్పత్రిలో లక్షలు పోసేకన్నా ఇవాళ వేలు పెట్టడం నయమంటాను నేను. తప్పా?

గోదారి_మాస్టారు
బాబూ, 5.9 అంటే షుగర్ కాదు, షుగర్ వాకిలి. 5.7 నుంచి 6.4 దాకా ఆ వాకిలే, 6.5కి చేరితే ఇంట్లోకొచ్చినట్టు. వాకిట్లోంచి వెనక్కి రావడానికి కాళ్లు చాలు, కార్డు గీకక్కర్లేదు. పొద్దున్నే ముప్పావుగంట నడు. రాత్రి అన్నం సగానికి తగ్గించు. కొర్రలైనా కంచం నిండా తింటే అదీ పిండిపదార్థమే.

చెకప్‌ల సంగతి నన్నడుగు. మూడేళ్ల కిందట మా అల్లుడు ముచ్చటపడి ఎనభై పరీక్షల ప్యాకేజీ చేయించాడు. సీఈఏ అట, క్యాన్సర్ జాడ కోసం చూసే రక్తపరీక్ష, అది కొంచెం ఎక్కువొచ్చింది. క్యాన్సరేమోనని స్కానింగు, పెద్దపేగులోకి గొట్టం వేసి చూసే కొలనోస్కోపీ. నలభై వేలు వదిలాయి, నెల రోజులు నిద్ర లేదు. చివరికి ఏమీ లేదన్నారు. రోగం లేనివాణ్ణి రోగిని చేసి పంపించారు.

ల్యాబ్_కుర్చీ
మాస్టారూ, మీరు పొగ తాగుతారా?

గోదారి_మాస్టారు
చుట్ట. రోజుకు రెండు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

ల్యాబ్_కుర్చీ
పొగతాగేవాళ్లలో సీఈఏ మామూలుగానే కాస్త ఎక్కువుంటుంది సార్. ఏ లక్షణమూ లేనివాళ్లకు ఆ పరీక్ష చేయడమే తప్పు, అది ఒప్పుకుంటా. ప్యాకేజీలో అంకె పెంచడానికి దాన్ని ఇరికిస్తారు. కానీ ఆ నెల రోజులు నిద్ర లేకపోవడంలో మీ చుట్టకూ వాటా ఉంది.

గోదారి_మాస్టారు
చుట్ట గురించి చర్చ పెట్టలేదు ఇక్కడ.

వంకాయ_మెంతికారం
😂😂

కూకట్‌పల్లి_కుర్రాడు
మాస్టారూ, మీకొచ్చిన ఒక్క అనుభవంతో చెకప్‌లన్నీ దండగంటే ఎలా? చేయించుకోబట్టే కదా నా 5.9 బయటపడింది! పైగా చెకప్ ఖర్చుకని పన్ను లెక్కేసే ఆదాయంలోంచి ఐదు వేల దాకా తగ్గిస్తారు.

ఆడిటర్_గారబ్బాయి
రెండు సవరణలు. ఆ ఐదు వేలు విడిగా ఇచ్చేది కాదు, ఇన్సూరెన్స్ ప్రీమియంతో కలిపి 25,000 పరిమితి లోపలే. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. మీరు కొత్త విధానంలో ఉంటే గుండుసున్నా.

కూకట్‌పల్లి_కుర్రాడు
కొత్తదే. సరే, వదిలేయండి.

గోదారి_మాస్టారు
పౌడరు లెక్క తేల్చు ముందు. డబ్బా ఎంత?

కూకట్‌పల్లి_కుర్రాడు
కిలో మూడు వేలు. ముప్పై స్కూపులు. స్కూపుకు 24 గ్రాముల ప్రొటీన్.

గోదారి_మాస్టారు
అంటే స్కూపు వంద రూపాయలు. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. నాలుగు గుడ్లు తిన్నావంటే అదే 24. మా ఊళ్లో గుడ్డు ఏడు రూపాయలు, మొత్తం ఇరవై ఎనిమిది. మిగతా డెబ్బై రెండు రూపాయలు దేనికిస్తున్నావో చెప్పు. వెనిలా వాసనకా?

తులసికోట
మేము గుడ్డు ముట్టం. మాకేది దారి?

గోదారి_మాస్టారు
వేరుశనగపప్పు, కందిపప్పు, శనగలు, పెరుగు. మీ తాతలు పౌడరు కలుపుకునే బతికారా అమ్మా?

కూకట్‌పల్లి_కుర్రాడు
పౌడర్‌తో పాటు కార్బోహైడ్రేట్లు పెద్దగా రావు మాస్టారూ. పప్పుతో వస్తాయి. నాకున్న సమస్యే అది.

గోదారి_మాస్టారు
గుడ్డులో వస్తాయా? నాలుగు గుడ్ల మాటకు జవాబు చెప్పకుండా పప్పు మీదికి దూకావు. మన తార్నాకలోనే ఉంది జాతీయ పోషకాహార సంస్థ. 2024లో వాళ్లిచ్చిన ఆహార మార్గదర్శకాలు చూడు. ప్రొటీన్ పౌడర్లు వద్దన్నారు. ఎక్కువ కాలం ఎక్కువగా వాడితే మూత్రపిండాలకూ ఎముకలకూ ముప్పన్నారు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఆ మాట కండలు పెంచేవాళ్లు విపరీతంగా తాగడం గురించి. నేను తాగేది రోజుకో స్కూపు. అదే సంస్థ లెక్కన కిలో బరువుకు 0.83 గ్రాములు, నాకు రోజుకు అరవై గ్రాములు కావాలి. రెండు ఇడ్లీలూ సాంబారుతో ఎంతొస్తుందో మీరే చెప్పండి.

గోదారి_మాస్టారు
నాలుగు గుడ్లు.

వంకాయ_మెంతికారం
మాస్టారికి కోళ్లఫారం ఉందేమో కనుక్కోండి.

ఖమ్మం_నర్సమ్మ
ఇందాకట్నుంచి చూస్తున్నా. పరీక్షలకు డబ్బులే పెట్టక్కర్లేదు. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ దవాఖానలో బీపీ, షుగర్ ఊరికే చూస్తారు, నోటి క్యాన్సర్ కూడా. ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు కూడా చూస్తారు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖాన లేని ఏరియా తక్కువ.

కుర్రాడు గారూ, ఒక్కటడుగుతా. మీ హెచ్‌బీఏ1సీ పాయింటుతో సహా చెప్పారు. మీ ఇంటావిడ హిమోగ్లోబిన్ ఎంత?

కూకట్‌పల్లి_కుర్రాడు
ఆమెకేం, బాగానే ఉంటుంది. పాప పుట్టినప్పుడు చేయించాం.

ఖమ్మం_నర్సమ్మ
పాపకెన్నేళ్లు?

కూకట్‌పల్లి_కుర్రాడు
ఆరు. అయినా దీనికి సంబంధమేంటండీ?

ఖమ్మం_నర్సమ్మ
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో నూటికి దాదాపు 58 మందికి, ఆంధ్రాలో 59 మందికి రక్తహీనత. ఆ లెక్క నాకు కాగితంలో చూడక్కర్లేదు, రోజూ నా బల్ల ముందు కూర్చుంటారు. ఏడు గ్రాముల హిమోగ్లోబిన్‌తో వస్తారు. ఆయాసమెప్పట్నుంచమ్మా అంటే "ఇంటి పనికి అలసటండీ" అంటారు. వెంటొచ్చిన మొగాయన చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ ఉంటది. ఐరన్ గోలీలు మా దగ్గర ఊరికే ఇస్తాం, అవి తీసుకెళ్లడానికీ ఆయన్నే అడగాలె.

గోదారి_మాస్టారు
అమ్మా, విషయం పక్కదారి పడుతోంది. పౌడరు సంగతి తేలలేదు.

ఖమ్మం_నర్సమ్మ
మాస్టారూ, మీ అల్లుడు మీకు ఎనభై పరీక్షలు చేయించాడు సరే. మీ ఆవిడకెన్ని చేయించాడు?

గోదారి_మాస్టారు
ఆవిడకు సూదంటే భయం.

తులసికోట
ఈ మాట ప్రతి ఇంట్లోనూ విన్నదే.

కూకట్‌పల్లి_కుర్రాడు
చూడండి, నన్ను దోషిని చేయడానికి వచ్చినట్టున్నారంతా. ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే. ఈఎంఐ, పాప ఫీజు, అన్నీ నామీదే. నాకేమన్నా అయితే ఇల్లు ఆగిపోతుంది. అందుకే నా ఒంటి మీద పెడుతున్నాను. ఇది స్వార్థమా?

ఎలాగూ అడుగుతారు, గొడవ దేనికో కూడా చెప్తాను. ఆమెకు మూడు నెలలుగా పన్ను నొప్పి. రూట్ కెనాల్, క్యాప్ కలిపి ఆరు వేలు అవుతుందన్నారు. వచ్చే నెల చూద్దామన్నా. ఆ సాయంత్రమే పౌడర్ డబ్బా డెలివరీ వచ్చింది. తలుపు తీసింది ఆమే. దాన్ని పట్టుకుని నెల నుంచి సాధిస్తోంది. నేను వద్దనలేదు, వచ్చే నెల అన్నాను, అంతే!

వంకాయ_మెంతికారం
ఆరుకు ఆరు.

ఆడిటర్_గారబ్బాయి
లెక్క నేను చెప్పక్కర్లేదనుకుంటా.

గోదారి_మాస్టారు
అబ్బాయీ, ఇది ముందే చెప్పుంటే గుడ్ల గురించి ఇంత రాసేవాణ్ణి కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
అడ్మిన్ గారూ, ఈ చర్చ మూసేయండి. అడిగింది ఒకటి, నడిచింది ఇంకొకటి.

ఖమ్మం_నర్సమ్మ
మూసే ముందు ఒక్క మాట. చీము పట్టిందేమో తెలియాలి కాబట్టి అడుగుతున్నా. నొప్పి ఏ పన్ను? పైదా, కిందిదా? వాపుందా?

కూకట్‌పల్లి_కుర్రాడు
కిందిదనుకుంటా.

అడిగి చెప్తాను.