ఉమ్మడి పత్రంలో తరగతి మొత్తం పనిచేయాలి: అనుమతులు, వడపోత, జట్ల పంపకం ఎలా?

సుద్దముక్క:
ఎనిమిదో తరగతికి నీటి కాలుష్యం మీద ప్రాజెక్టు. పిల్లలు 36 మంది, కంప్యూటర్లు 12, నలభై నిమిషాల పీరియడ్లు నాలుగు. అందరికీ బడి ఇచ్చిన గూగుల్ ఖాతాలున్నాయి. వెబ్‌లో వెతకాలి, బొమ్మలు తేవాలి, కలిసి ఒక నివేదిక రాయాలి. లింకు ఎలా పంచితే బయటివాళ్లు చొరబడరు? వెతుకులాటలో పనికిరానివి రాకుండా ఏం చేయాలి? ఒక్కరే అంతా రాసి మిగతా ఇద్దరు చూస్తూ కూర్చోకుండా ఎలా? సెట్టింగుల పేర్లతో సహా చెబితే మేలు.

నల్లబల్ల:
ముందు లింకు సంగతి. "లింకు ఉన్న ఎవరైనా", "ఎడిటర్" అనే రెండు ఎంపికల్నీ కలిపి ఎప్పుడూ పెట్టకండి. ఆ లింకు ఒక వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, ఎవరైనా లోపలికి రావచ్చు. సైన్ ఇన్ కాకుండా వచ్చినవాళ్లు ఏదో ఒక జంతువు పేరుతో కనిపిస్తారు తప్ప అసలు పేరు తెలియదు. పాడుచేసింది ఎవరో తర్వాత వెర్షన్ హిస్టరీలో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే చోటు) వెతికినా తేలదు.

పత్రాన్ని "రెస్ట్రిక్టెడ్"గానే, అంటే చేర్చినవాళ్లకు మాత్రమే తెరుచుకునేలా ఉంచి పిల్లల బడి ఖాతాలను చేర్చండి. 36 ఐడీలు టైపు చేయడం ఇబ్బంది అనుకుంటే గూగుల్ క్లాస్‌రూమ్‌లో అసైన్‌మెంటుగా ఫైలు జతచేయండి. ఫైలు పక్కన మూడు ఎంపికలు వస్తాయి: చూడటం మాత్రమే, అందరూ ఒకే ఫైలులో దిద్దటం, ఒక్కొక్కరికీ ఒక్కో నకలు. మొదట కనిపించేది "చూడటం మాత్రమే". నకలు కావాలనుకుంటే పోస్టు చేయకముందే ఎంచుకోవాలి, తర్వాత ఆ దారి ఉండదు.

చాలామంది వదిలేసే ఇంకో సంగతి ఉంది. షేర్ కిటికీలో పైన పళ్లచక్రం గుర్తు నొక్కితే "ఎడిటర్లు అనుమతులు మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు" అని ఒక టిక్కు కనిపిస్తుంది. దాన్ని తీసేయాలి. అది ఉన్నంతకాలం మీరు ఎంత కట్టుదిట్టంగా పంచినా, ఏ విద్యార్థి అయినా ఇంకొకరిని చేర్చేయగలడు.

ఇక 36 మందీ ఒకే గూగుల్ డాక్‌లో రాయడం. ఒకేసారి 100 మంది వరకు దిద్దవచ్చని గూగుల్ చెబుతుంది గానీ, తరగతిలో పది మంది దాటితేనే గందరగోళం మొదలవుతుంది. పై పేరాలో ఒకరు రాస్తుంటే కింద ఉన్నవాళ్ల వాక్యాలు జారిపోతుంటాయి. పిల్లలు తాము రాస్తున్న చోటు వెతుక్కుంటూ పక్కవాళ్లది చెరిపేస్తారు. అది అల్లరి కాదు, పత్రం తీరే అంత. అందుకని జట్టుకో డాక్ ఇవ్వండి, మొత్తం 12. వాటన్నిటి లింకులతో ఒక సూచిక పత్రం మీ దగ్గర పెట్టుకోండి. ఒకే ఫైలు తప్పదనుకుంటే స్లైడ్స్ వాడండి. జట్టుకో స్లైడు ఇస్తే ఎవరి హద్దు వాళ్లకు ఉంటుంది.

ల్యాబ్‌తాళం:
వడపోత గురించి. ఒక్క తాళంతో పని కాదు, మూడు కావాలి.

మొదటిది డీఎన్ఎస్, అంటే సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ. రౌటరులో క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ డీఎన్ఎస్ చిరునామా 1.1.1.3, రెండోదిగా 1.0.0.3 పెడితే హానికర సైట్లు, అశ్లీల సైట్లు పేరు దగ్గరే ఆగిపోతాయి. 1.1.1.2 హానికర సాఫ్ట్‌వేరును మాత్రమే ఆపుతుంది, ఆ రెంటినీ కలగలపకండి.

రెండోది సెర్చి. ప్రతి బ్రౌజరులో విడివిడిగా సేఫ్‌సెర్చ్ (అశ్లీల ఫలితాలను దాచే సెట్టింగు) పెట్టడం దండగ, పిల్లలు ఒక్క నొక్కుతో తీసేస్తారు. డీఎన్ఎస్‌లోనే గూగుల్ పేరును ఫోర్స్‌సేఫ్‌సెర్చ్ డాట్ గూగుల్ డాట్ కామ్ వైపు మళ్లిస్తే మొత్తం నెట్‌వర్కుకు తాళం పడుతుంది. బింగ్‌కు స్ట్రిక్ట్ డాట్ బింగ్ డాట్ కామ్, యూట్యూబ్‌కు రిస్ట్రిక్ట్ డాట్ యూట్యూబ్ డాట్ కామ్ ఉన్నాయి. యూట్యూబ్‌లో ఇది మరీ బిగుతుగా ఉండి మంచి పాఠాలు కూడా మాయమైతే రిస్ట్రిక్ట్‌మోడరేట్ అనే మెత్తటి రకం వాడండి.

మూడోది బ్రౌజరు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెంటిలోనూ "సెక్యూర్ డీఎన్ఎస్" అని ఒక సెట్టింగు ఉంటుంది. అది వేరే సంస్థ డీఎన్ఎస్‌కు నేరుగా మాట్లాడితే పైన చెప్పినవన్నీ పక్కకు పోతాయి. ల్యాబు యంత్రాల్లో పాలసీ (పిల్లలు మార్చలేని అడ్మిన్ నియమం) ద్వారా దాన్ని మూసేయాలి.

ఇంత చేసినా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపిన యంత్రానికి ఇవేవీ వర్తించవు. మంచి సైటులో వచ్చే చెడ్డ ప్రకటననూ, వ్యాఖ్యల్లో రాసిన బూతులనూ డీఎన్ఎస్ పట్టుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యం: ముందురోజు పరీక్ష చేసేటప్పుడు విద్యార్థి కూర్చునే యంత్రం మీద, విద్యార్థి తరహా ఖాతాతో చూడండి. ఉపాధ్యాయుల ఖాతాకు నియమాలు సడలి ఉంటాయి. మీకు తెరుచుకున్న వీడియో వాళ్లకు తెరుచుకోకపోవచ్చు. అక్కడే పది నిమిషాలు పోతాయి.

పుస్తకాలమూల:
ల్యాబ్‌తాళం గారు చెప్పినవి అవసరమే. కానీ 36 మందిని ఖాళీ సెర్చి పెట్టె ముందు కూర్చోబెట్టడమే అసలు పొరపాటు అని నా గట్టి అభిప్రాయం. మొదటి పీరియడ్‌లో మీరు చూసి ఎంచిన ఆరేడు లింకులు ఇవ్వండి. పూర్తి చిరునామా కనిపించేలా ఇవ్వండి, కుదించిన లింకులు వద్దు. అవి ఎక్కడికి పోతాయో నొక్కేదాకా తెలియదు. ఎవరైనా బిట్‌లీ లింకు తెస్తే, దాని చివర కూడిక గుర్తు చేర్చి తెరవమనండి. నేరుగా సైటుకు పోకుండా గమ్యం ఏమిటో చూపిస్తుంది.

ఆ తర్వాత జట్టుకు ఒకే ఒక ప్రశ్న మీద సొంతంగా వెతకనివ్వండి. వెతికేటప్పుడు నేర్పాల్సిన పద్ధతి ఇది: పేజీ నమ్మదగినదా అని ఆ పేజీలోనే వెతకకూడదు. కొత్త ట్యాబు తెరిచి ఆ సైటు పేరు, దాన్ని నడిపేవాళ్ల పేరు వెతికి, ఇతరులు వాళ్ల గురించి ఏమంటున్నారో చూడాలి. చెట్లెక్కే ఆక్టోపస్ గురించి 1998 నుంచి ఒక బూటకపు సైటు ఉంది. చూడటానికి అచ్చం శాస్త్రీయ సైటులాగే ఉంటుంది, బొమ్మలు, మూలాల లింకులు అన్నీ ఉంటాయి. సాధన కోసం దాన్నే ఇవ్వండి. పేజీ అందాన్ని చూసి మార్కులు వేసే జట్లు "నిజమే" అంటాయి, పక్క ట్యాబు తెరిచిన జట్లు రెండు నిమిషాల్లో పట్టుకుంటాయి.

వికీపీడియాను వద్దనడం అనవసరం. వ్యాసం కింద ఉన్న మూలాల్లోకి వెళ్లి అసలు పత్రం చదవమనండి, నివేదికలో దాన్నే ఉదహరించమనండి. పనిలోపనిగా "చరిత్ర" ట్యాబు చూపిస్తే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపించే పద్ధతి వాళ్ల డాక్‌లోనూ ఉందని అర్థమవుతుంది. తరగతి చేత వికీలో రాయించాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త: ఒకే ఐపీ చిరునామా (సాధారణంగా ల్యాబు మొత్తానికీ ఒకటే ఉండే నెట్ చిరునామా) నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వదు. ఏడో పిల్లవాడి దగ్గర పని ఆగిపోతుంది. ఖాతాలు ఇంటి దగ్గర ముందే తెరిపించండి.

బొమ్మలు. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్, యూసేజ్ రైట్స్, క్రియేటివ్ కామన్స్ (షరతులతో వాడుకోనిచ్చే లైసెన్సులు) అని వరుసగా ఎంచుకోవాలి. అయినా ఆ వడపోతను పూర్తిగా నమ్మకుండా అసలు పేజీకి వెళ్లి లైసెన్సు చదవాలి. లేదా నేరుగా వికీమీడియా కామన్స్‌లో వెతకడం తేలిక. బొమ్మ కింద నాలుగు సంగతులు రాయించండి: బొమ్మ పేరు, తీసినవారు, దొరికిన పేజీ, లైసెన్సు. లైసెన్సులో "ఎన్‌డీ" ఉంటే ఆ బొమ్మను మార్చి పంచకూడదు. "ఎస్ఏ" ఉంటే మార్చిన బొమ్మను అదే లైసెన్సుతో ఇవ్వాలి. "గూగుల్ నుంచి" అని రాస్తే ఒప్పుకోకండి. గూగుల్ వెతికిపెట్టింది, గీసింది కాదు.

మూడోవరస:
జట్టు పని గురించి. ముగ్గురికి మూడు పనులు: రాసేవారు, వెతికేవారు, సరిచూసేవారు. సరిచూసేవారి చేతిలో ఒక కాగితం ఉండాలి. ప్రతి వాక్యానికీ ఆధారం ఏ లింకులో ఉందో అందులో రాసుకోవాలి. ఆధారం లేని వాక్యానికి కామెంటు పెట్టించాలి.

పది పన్నెండు నిమిషాలకోసారి పనులు మార్చమని చాలామంది చెబుతారు. ఒకే కంప్యూటరు మీద అది కుదరదు. ముగ్గురూ ఒకరి ఖాతాలోనే రాస్తే వెర్షన్ హిస్టరీలో ఆ ఒక్కరి పేరే పడుతుంది. ఖాతా మార్చాలంటే సైన్ అవుట్, సైన్ ఇన్, మరిచిపోయిన పాస్‌వర్డు, అంతా కలిపి ప్రతిసారీ మూడు నాలుగు నిమిషాలు. నలభై నిమిషాల్లో రెండుసార్లు మారితే ఐదో వంతు దాకా దానికే పోతుంది. కాబట్టి పీరియడ్‌కు ఒకసారే మార్చండి. మీకు నాలుగు పీరియడ్లున్నాయి, మొదటి మూడింటిలో ప్రతి ఒక్కరూ ఒక్కో పని చేస్తారు, నాలుగోది పక్క జట్టు పత్రం చదవడానికి.

ఆ నాలుగో పీరియడ్‌లో పక్క జట్టుకు "కామెంటర్" హక్కు మాత్రమే ఇవ్వండి, ఎడిటర్ వద్దు. ఏం రాయాలో కూడా ముందే చెప్పాలి: ఒక ప్రశ్న, ఆధారం అడిగే వాక్యం ఒకటి. అలా చెప్పకపోతే "బాగుంది", "సూపర్" తప్ప ఇంకేమీ రావు.

ఉమ్మడి యంత్రాల మీద క్రోమ్ గెస్టు మోడ్‌లో పని చేయించండి. కిటికీలన్నీ మూస్తే సైన్ ఇన్, చరిత్ర, కుకీలు అన్నీ పోతాయి. "పాస్‌వర్డు దాచాలా?" అన్న ప్రశ్నే రాదు.

సుద్దముక్క:
పీరియడ్ వారీ మార్పు నాకు సరిగ్గా సరిపోయింది. ఎవరైనా పత్రం మొత్తం చెరిపేస్తే ఏం చేయాలి? కంట్రోల్ జెడ్ చాలా?

నల్లబల్ల:
చాలదు. డాక్స్‌లో అన్‌డూ ఎవరు చేసిన మార్పులను వాళ్లకే వెనక్కి తిప్పుతుంది, పక్కవాళ్లు చెరిపింది మీ కంట్రోల్ జెడ్‌తో రాదు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కితే వెర్షన్ హిస్టరీ వస్తుంది. అక్కడ తొందరపడి "రిస్టోర్" నొక్కకండి. ఆ సమయం తర్వాత మిగతావాళ్లు రాసిందంతా ప్రస్తుత ప్రతిలోంచి పోతుంది (హిస్టరీలో మిగిలే ఉంటుంది, కానీ తరగతి మధ్యలో పిల్లలు బెంబేలెత్తుతారు). పాత వెర్షన్ తెరిచి, పోయిన భాగాన్ని మాత్రమే కాపీ చేసి, ఇప్పటి పత్రంలో అతికించండి. ప్రతి పీరియడ్ మొదట్లో "రెండో పీరియడ్ ఆరంభం" అంటూ వెర్షన్‌కు పేరు పెట్టుకుంటే వెతుకులాట తగ్గుతుంది.

ఖాళీ నమూనా పత్రం కాపాడుకోవడానికి ఇంకో చిట్కా: దాన్ని చూసే హక్కుతో మాత్రమే పంచి, లింకులో చివరి గీత తర్వాత ఉండే "ఎడిట్" మొదలు మిగతాదంతా తీసి "కాపీ" అని పెట్టండి. నొక్కినవాళ్లకు నేరుగా నకలు చేసుకోమని అడుగుతుంది. అసలుది చెక్కుచెదరదు. లింకులో ఆ మాట ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి.

తెల్లకాగితం:
పిల్లల వివరాల గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. నీటి కాలుష్యం అంటే చెరువు దగ్గరో కాలువ దగ్గరో ఫోటోలు తీస్తారు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో లోపల అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే వస్తాయి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం మేలు. ఇప్పటికే తీసేసి ఉంటే ఫోటోను తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీసి దాన్ని వాడండి. ముఖాలు, యూనిఫారం మీది బ్యాడ్జీ, వాహనాల నంబర్లు కనిపించకూడదు.

కొత్త సైటు ఏదైనా "గూగుల్‌తో సైన్ ఇన్" అడిగితే అది ఏయే అనుమతులు కోరుతుందో ముందు మీరు చదవండి. పేరు, ఈమెయిలు అడిగితే సరే. డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ చూస్తానంటే వద్దు. చాలా సేవలకు కనీస వయసు 13, కొన్ని దేశాల చట్టాల్లో అంతకంటే ఎక్కువ. ఎనిమిదో తరగతిలో ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి ఖాతా అక్కర్లేని పనిముట్టు దొరికితే దాన్నే ఎంచుకోండి. ప్యాడ్‌లెట్ లాంటి ఆన్‌లైన్ గోడ (అందరూ చీటీలు అంటించే పేజీ) వాడితే "అనుమతించాకే కనిపించాలి" అన్న సెట్టింగు పెట్టండి. ఏఐ చాట్‌లలో పిల్లల పేర్లు, ఊరు, బడి, మార్కులు ఏవీ ఎక్కించకూడదు.

ల్యాబ్‌తాళం:
ఇన్ని చేసినా ఏదో ఒకటి తెర మీద పడుతుంది. అప్పుడేం చేయాలో పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: మానిటరు బటన్ నొక్కి తెర ఆపు, చెయ్యి ఎత్తు. ట్యాబు మూయొద్దు, యంత్రం ఆపొద్దు. చిరునామా, సమయం మీరు రాసుకుంటేనే ఆ సైటును అడ్డుకోగలం. చెప్పిన పిల్లను తిట్టకూడదు. ఒక్కసారి తిడితే ఇక ఎవరూ చెప్పరు.

వేధింపు మాటలైతే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. కానీ పిల్లల అశ్లీల చిత్రం కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయకండి, ఎవరికీ పంపకండి, రుజువు కోసమని కూడా. చాలా దేశాల్లో దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. చిరునామా, సమయం కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయులకు, పోలీసులకు తెలపాలి.

పుస్తకాలమూల:
పనిముట్టు ఎంచేటప్పుడు, చేసిన పనిని బయటికి దించుకునే వీలుందా అని చూడండి. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ తెల్లబల్ల జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో మూతపడింది. పిల్లలు వీడియోలు పంచుకునే ఫ్లిప్ కూడా అదే ఏడాది విడి సేవగా ఆగిపోయింది. వాటి మీద పాఠాలు అల్లుకున్నవాళ్లు అన్నీ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. మీరు ఇచ్చే ఆరేడు లింకులను, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో "సేవ్ పేజ్ నౌ" ద్వారా దాచి పెడితే వచ్చే ఏడు సైటు చచ్చిపోయినా పాఠం ఆగదు.

సుద్దముక్క:
చివరి సందేహం. ప్రాజెక్టు అయిపోయాక ఆ 12 పత్రాలను ఏం చేయాలి?

నల్లబల్ల:
అందరినీ ఎడిటర్ నుంచి వ్యూయర్‌కు మార్చండి, ఒక్కోదాన్ని పీడీఎఫ్‌గా దించుకోండి. పీడీఎఫ్‌లో కామెంట్లు రావు, అవి కావాలంటే వర్డ్ ఫైలుగా కూడా దించండి. ఓనర్ ఎవరో చూసుకోండి. ఏదైనా జట్టు తమ ఖాతాలో కొత్త డాక్ తెరిచి పని చేసి ఉంటే, ఆ విద్యార్థి బడి మారి ఖాతా తీసేసినప్పుడు ఫైలు కూడా పోతుంది. తీసేసిన ఖాతాను అడ్మిన్ 20 రోజుల్లోపే వెనక్కి తేగలరు. అందుకని మొదటిరోజే పత్రాలన్నీ మీ ఖాతాలో తెరిచి పంచండి, లేదా ఇప్పుడైనా షేర్ కిటికీలో ఓనర్‌షిప్ మీ పేరుకు మార్పించుకోండి.