పాత తెరచాప పడవ: ముందు రంగు గీకాలా, పేరు తేల్చాలా?

పెద్దవూర:
హైదరాబాద్‌లో పాత సామాను వ్యాపారి దగ్గర చెక్క తెరచాప పడవ ఒకటి కొన్నాను. డీసీఎంలో వేయించుకుని వచ్చి మా వేపచెట్టు కింద బోర్లించాను. బాగు చేసి, అనుమతి తీసుకుని, సాగర్ నీళ్లలో దించాలని కోరిక. పొడవు 13 అడుగుల 4 అంగుళాలు. ముక్కు మొనదేలి ఉంది. చుక్కాని లేదు. వెంట వచ్చిన తెరచాప ఎర్రది, దాని మీద గుర్తూ లేదు, అంకే లేదు. తెరచాప కట్టే స్తంభం పైభాగాన ముందువైపు అదనంగా ఒక కప్పీ ఉంది. పడవకు మూడు పొరల రంగు వేశారు. అమ్మినాయన 'ఇది జీపీ 14 రకం పడవ' అన్నాడు. కొందరు వెంటనే రంగు గీకమంటున్నారు, కొందరు ఆగమంటున్నారు. ఏం చేయమంటారు?

హాలియా వడ్రంగి:
పేరుతో పనేమిటి తమ్ముడూ? కర్ర బాగుందో పుచ్చిందో రంగు తీస్తేనే తెలుస్తుంది. వానలు పడేలోపు గీకి, పుచ్చిన చోట నీటికి తట్టుకునే 710 రకం ప్లైవుడ్ వేసి బిగించండి. కృష్ణలో మన చేపలవాళ్లు తిప్పే పుట్టికి ఏం పేరుంది? లోపలికి నీళ్లు రాకపోతే అదే పడవ.

దేవరకొండ:
ఎర్ర తెరచాప అంటే మిర్రర్ పడవే. ఇంగ్లండులో డైలీ మిర్రర్ పత్రిక అండతో 1960ల మొదట్లో వచ్చింది. దాని గుర్తే ఎర్ర తెరచాప. ఇందులో చర్చకేముంది?

నల్లగొండ మాస్టారు:
చర్చకు చాలా ఉంది. తెరచాపను ఎవరైనా మార్చగలరు. ఒక పడవది ఇంకో పడవకు కట్టి అమ్మడం మామూలే. పడవ ఒళ్లు మాత్రం అలా మారదు. మిర్రర్‌కు ముక్కు మొనదేలదు, పీట అంచులా మొండిగా ఉంటుంది. పొడవు 11 అడుగులకు కూడా రాదు. కాబట్టి దాన్ని పక్కన పెట్టండి.

ఈ పొడవుకు దగ్గరగా మిగిలిన రకాలు రెండు. రెండూ జాక్ హోల్ట్ గీసినవే. జీపీ 14 1949 నాటిది, ఎంటర్‌ప్రైజ్ 1956 నాటిది. జీపీ పొడవు 4.27 మీటర్లు (14 అడుగులు), వెడల్పు 1.54 (5 అడుగుల అర అంగుళం). ఎంటర్‌ప్రైజ్ పొడవు 4.04 (13 అడుగుల 3 అంగుళాలు), వెడల్పు 1.62 (5 అడుగుల మూడుముప్పావు అంగుళాలు). చూశారా, పొట్టి పడవే వెడల్పైనది! మీరు పొడవు ఒక్కటే రాశారు. అసలు తగువు తీర్చేది వెడల్పు. పడవను వెల్లకిలా తిప్పి, అత్యంత వెడల్పుగా ఉన్న చోట రెండు పక్కలా దారాలకు బరువు కట్టి వేలాడదీయండి. దారాల మధ్య దూరం కొలవండి. టేపును అంచుల మీదుగా వంచి కొలిస్తే రెండు అంగుళాలు తేడా వస్తుంది, ఇక్కడ ఉన్న తేడాయే మూడు అంగుళాలు.

హాలియా అన్నతో ఒక్క మాట. మీరు కర్ర గురించి చెప్పింది నిజం. కానీ పాత చెక్క పడవల్లో చాలావాటికి తరగతి సంఖ్యను, అంటే ఒకే కొలతలతో చేసే ఆ రకం పడవల్లో దాని వరుస సంఖ్యను, లోపలి కర్రలోకే చెక్కేవారు. ఆ గాట్లు లోతుగా ఉండవు. మీ గరుకు కాగితం నాలుగు తిప్పులు తిరిగితే పడవ పుట్టుపూర్వోత్తరాలన్నీ పొట్టుతో పాటు నేలపాలే. పైగా చుక్కాని కొత్తగా చేయాలన్నా, నడుమ నీళ్లలోకి దిగే పలక చేయాలన్నా ఏ కొలతకు చేస్తారు? తరగతి తెలిస్తే దాని కొలతలు దొరుకుతాయి. తెలియకపోతే ఊహే గతి. పుట్టికి తెరచాప లేదు కాబట్టి ఆ ఊహ చెల్లింది. గాలి తోసే పడవకు చెల్లదు.

మిర్యాలగూడ:
మాస్టారు చెప్పిన కొలతలు ఒప్పుకుంటాను. కానీ ఆ కప్పీ సంగతేమిటి? అది స్పినకర్ ఎత్తడానికి, అంటే గాలి వెనుక నుంచి వచ్చేటప్పుడు ముందు బుడగలా ఉబ్బే తెరచాపకు. జీపీకి అది ఉంటుంది, ఎంటర్‌ప్రైజ్‌కు ఉండదు. కర్రకు కొట్టిన కప్పీని అంత తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

నల్లగొండ మాస్టారు:
ఈ ప్రశ్నకు బలముంది, కొట్టిపారేయను. అయితే కప్పీ మరలు మిగతా మరల లాంటివేనా, వేరేవా చూడండి. స్తంభం కూడా తెరచాపలాగే మారగల వస్తువు. ఎంటర్‌ప్రైజ్ మన దేశంలో విరివిగా పందేలకు వాడిన తరగతి. 1982 ఆసియా క్రీడల్లో బొంబాయి దగ్గర జరిగిన పోటీల్లోనూ ఉంది. హైదరాబాద్‌లో పాత పడవ దొరికితే ముందు దాన్నే అనుమానిస్తాను. అనుమానం రుజువు కాదు, అందుకే కొలవమంటున్నాను.

పెద్దవూర:
కొలిచాను. మా ఆవిడ ఒక పక్క దారం పట్టుకుంది. వెడల్పు 5 అడుగుల మూడున్నర అంగుళాలు. అడుగు నుంచి పక్కకు వచ్చేటప్పుడు చెక్క ఒకసారి కాదు, రెండుసార్లు మడిచినట్టుంది. కప్పీకి ఉన్నవి ఇనుప మరలు, తుప్పు కారి కర్ర మీద చారలు కట్టాయి. మిగతావన్నీ ఇత్తడివి. స్తంభం వెనుక తెరచాప అంచు దూరే గాడిలో సూదితో కెలికితే నీలం దారపు పోగు బయటికి వచ్చింది.

ఇంకొకటి. రాత్రి టార్చి లైటును లోపలి కర్రకు ఆనించి అడ్డంగా వేశాను. రంగు కింద గుంటలు నీడలుగా కనిపించాయి. మా అమ్మాయి నోటుపుస్తకంలోని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే 1, 2 వచ్చాయి, తర్వాత సగం చెరిగిన గుండ్రం. చేతులు వణికాయి.

నల్లగొండ మాస్టారు:
రెండు మడతలు, ఆ వెడల్పు, నీలం పోగు! ఎంటర్‌ప్రైజ్ పక్కలకు రెండు మడతలుంటాయి, తెరచాప నీలమే. ఇక నాకు సందేహం లేదు. ఆ కర్ర మీద రంగును గీకకండి. రంగు కరిగించే మందు దూదితో అద్ది, కొంచెం కొంచెంగా మెత్తని గుడ్డతో తుడవండి. మిగతా అంకెలు వస్తాయి.

మిర్యాలగూడ:
ఇనుప మరలన్నారు కాబట్టి కప్పీ సంగతి వదిలేస్తున్నాను.

హాలియా వడ్రంగి:
అంకెలున్న కర్రను ముట్టను, మాట ఇస్తున్నాను. కానీ మీరు ఫోటోలో పెట్టిన వెనుక పలక కింది మూల నల్లబడింది. అక్కడ వాననీరు నిలిచింది. ఉప్పునీటికంటే వాననీరే కర్రను త్వరగా తింటుంది. దబ్బనంతో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే ఆ ముక్క తీయక తప్పదు. ఆదివారం ఉళ్లు తీసుకుని వస్తాను. పడవను ఎండలో పెట్టకండి, ప్లై అతుకులు విచ్చుకుంటాయి.

పెద్దవూర:
గుచ్చాను అన్నా. అర అంగుళం దిగింది. ఆదివారం తప్పకుండా రండి. పడవ మీద తడిపిన గోనెలు కప్పాను.

హాలియా వడ్రంగి:
తడి గోనెలు ముందు తీసేయండి! పొడి పట్టా కప్పి, కింద ఇటుకలు పెట్టి, గాలి ఆడనివ్వండి.